పడవలెవరివి, కాల్చిందెవరు?

క్రీస్తుపూర్వం 310లో సిసిలీ దీవిలోని సిరక్యూస్ నగరాన్ని కార్తేజ్ సేనలు చుట్టుముట్టాయి. నగరాన్ని ఏలుతున్న అగాథోక్లీస్ గోడల వెనక కూర్చోలేదు. 60 ఓడల్లో సైన్యాన్ని ఎక్కించుకుని, శత్రువు కళ్ళుగప్పి సముద్రం దాటి, ఏకంగా కార్తేజ్ వాళ్ళ సొంతగడ్డ మీద, ఇప్పటి ట్యునీసియా తీరాన దిగాడు. దిగాక ఓడలన్నిటికీ నిప్పు పెట్టించాడు. క్షేమంగా ఒడ్డు చేరిస్తే ఓడలనే కాగడాలుగా వెలిగిస్తానని దేవతలకు మొక్కుకున్నానని సైనికులకు చెప్పాడు. మొక్కు మాట అలా ఉంచితే, అసలు లెక్క వేరు. ఓడలకు కాపలా పెట్టేటంత మంది లేరు. వదిలేసి ముందుకు పోతే అవి శత్రువు పాలవుతాయి. పైగా వెనక్కి దారి లేదని తెలిసినవాడు తెగించి పోరాడతాడు. తెగించినవాడికి తెడ్డే లింగం కదా.

'బర్న్ యువర్ బోట్స్' అన్న ఇంగ్లీషు పలుకుబడి వెనక ఉన్నవి ఇలాంటి కథలే. ఉద్యోగానికి రాజీనామా చేసి కంపెనీ పెట్టమని కుర్రాళ్ళను ఊరించే ఉపన్యాసాల్లో ఇది తప్పకుండా వినిపిస్తుంది. హైదరాబాదు స్టార్టప్ సభల్లోనైతే అచ్చ తెలుగు వాక్యం మధ్యలోనూ దూరిపోతుంది. అయితే ఆ వక్తలు సగం కథతో ఆపేస్తారు. మిగతా సగాన్ని డయొడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాసిపెట్టాడు. మూడేళ్ళు తిరిగేసరికి యుద్ధం అడ్డం తిరిగింది. అగాథోక్లీస్ గుట్టుగా ఓడెక్కి సిసిలీ పారిపోయాడు. సైన్యాన్ని వదిలేశాడు, వాళ్ళతోపాటు ఇద్దరు కొడుకులనూ వదిలేశాడు. కడుపుమండిన సైనికులు ఆ కొడుకులను చంపి, కార్తేజ్‌తో సంధి చేసుకున్నారు. తండ్రి మాత్రం రాజు బిరుదు పెట్టుకుని 289లో చనిపోయేదాకా సిసిలీని ఏలాడు. కాలింది సైనికుల పడవలు. తనదాకా వచ్చేసరికి అతనికి పడవ దొరికింది.

ఇదే పలుకుబడికి అందరూ చెప్పే రెండో కథ కోర్తెస్‌ది. 1519లో మెక్సికో తీరంలో దిగిన ఈ స్పెయిన్ సేనాని తన ఓడలను తగలబెట్టాడని చెప్పుకుంటారు. నిజానికి తగలబెట్టలేదు, ఒడ్డుకు ఎక్కించి పనికిరాకుండా చేశాడు. కారణం కూడా ధైర్యం నూరిపోయడం కాదు. క్యూబా గవర్నరు మాట ధిక్కరించి బయల్దేరిన మనిషి అతను. వెంట వచ్చినవాళ్ళలో గవర్నరు మనుషులు కొందరు ఓడ పట్టుకుని వెనక్కి పోవాలని పన్నాగం పన్నారు. వాళ్ళు పోయి అక్కడ చెబితే తన మెడకు ఉరి. ఓడలను పాడుచేసింది అందుకు. ఇంకో సంగతి. పాడుచేసే ముందు తెరచాపలు, తాళ్ళు, లంగర్లు, ఇనప సామాను జాగ్రత్తగా విప్పించి దాయించాడు. రెండేళ్ళ తరవాత సరస్సు మధ్యనున్న అస్తెక్ రాజధానిని ముట్టడించడానికి 13 చిన్న ఓడలు కట్టించినప్పుడు ఆ సామానే అక్కరకొచ్చింది. వీటన్నిటికీ ముందే ఒక ఓడలో బంగారం నింపి, తన తరఫున మాట్లాడే మనుషులతో స్పెయిన్ రాజుగారికి కానుక పంపాడు. దారులన్నీ మూసుకున్న మనిషి చేసే పనులేనా ఇవి? మూసింది తక్కినవాళ్ళ దారి.

వ్యాపారంలో, బతుకులో తెగింపు గురించి ఇంగ్లీషువాళ్ళు వాడే పలుకుబళ్ళ పుట్టుక వెతుక్కుంటూ పోతే ఇదే అడుగడుగునా ఎదురవుతుంది. పలుకుబడిలో కనిపించే వీరుడు ఒకడు, నష్టం మోసినవాడు ఇంకొకడు. సొమ్మొకడిది సోకొకడిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు. మన సభాపర్వంలో ద్రౌపది అడిగిన ప్రశ్న కూడా ఇటువంటిదే. ముందు తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా అని ఆమె అడిగితే కురువృద్ధుల్లో ఒక్కరూ సూటిగా జవాబు చెప్పలేకపోయారు. పందెం కాసేవాడి ధైర్యం సరే, ఒడ్డిన వస్తువు ఎవరిదన్నది ఆ ప్రశ్న.

రూబికాన్ దాటడం మాత్రం కొంచెం నయం. క్రీస్తుపూర్వం 49 జనవరిలో జూలియస్ సీజర్ ఒకే ఒక్క దళంతో ఆ చిన్న ఏరు దాటాడు. సైన్యంతో దాటితే రోము మీద తిరుగుబాటు కింద లెక్క. పాచిక పడిపోయిందన్న మాట అతను అక్కడే అన్నాడంటారు. సీజర్‌కు తన తల కూడా పణమే, కాదనలేం. కాకపోతే దాటకపోయినా ప్రమాదమే. పదవి దిగిన మరుక్షణం శత్రువులు న్యాయస్థానానికి ఈడుస్తారని అతనికి తెలుసు. తన యుద్ధాల గురించి తనే పుస్తకం రాసుకున్నాడు గానీ, అందులో రూబికాన్ పేరే ఎత్తలేదు. అంత పేరున్న ఏరు ఏదో కూడా చాలాకాలం తేలలేదు. 1933లో ముస్సోలినీ ప్రభుత్వం ఫ్యుమిచీనో అనే వాగును చూపించి ఇదే రూబికాన్ అని తేల్చేసింది.

సముద్రం దగ్గరికి వద్దాం. పెట్టుబడి లోకంలో నిత్యం వినిపించే 'వెంచర్' అన్న మాట 'అడ్వెంచర్'కు తల తెగిన రూపం. 1599లో లండన్ వర్తకులు సుమారు వందమంది కలిసి 30 వేల పౌండ్ల పైచిలుకు పోగుచేసి, తూర్పుదేశాలకు ఓడలు పంపాలని తీర్మానించుకున్నారు. మరుసటి ఏడాది చివరి రోజున రాణిగారి పట్టా చేతికొచ్చింది. అదే ఈస్టిండియా కంపెనీ. ఆ వర్తకులను కంపెనీ దస్తావేజుల్లో 'అడ్వెంచరర్స్' అన్నారు, అంటే సాహసికులు. ఈ సాహసికులు లండన్‌లో తమ ఇళ్ళలోనే ఉన్నారు. ఓడెక్కినవాళ్ళ పేరు వేరు, వాళ్ళు జీతగాళ్ళు. 1601లో జేమ్స్ లాంకాస్టర్ నాయకత్వాన నాలుగు ఓడలు బయల్దేరాయి. ఆఫ్రికా దక్షిణ కొన చేరేసరికే స్కర్వీ జబ్బుతో వందమందికి పైగా పోయారు. లాంకాస్టర్ తన ఓడలో వాళ్ళకు నిమ్మరసం తాగించాడు కాబట్టి ఆ ఒక్క ఓడ జనం కాస్త తెరిపిన పడ్డారు. ఆ రోజుల్లో ఒక్కో ప్రయాణానికి ఒక్కో విడి పెట్టుబడి. ఓడ తిరిగొస్తే సరుకమ్మి పంచుకోవడం, రాకపోతే మరచిపోవడం. 'వెన్ మై షిప్ కమ్స్ ఇన్' అని ఇంగ్లీషువాడు అదృష్టం కోసం ఎదురుచూసేది ఇలాంటి ఓడల కోసమే.

ఈ వరసలో ఏడో ప్రయాణం మన తీరానికి వచ్చింది. గ్లోబ్ అనే ఓడ 1611లో మచిలీపట్నం రేవులో లంగరు దించింది. అందులో పీటర్ ఫ్లోరిస్ అనే డచ్చి వర్తకుడు ఉన్నాడు. కంపెనీకి కొలువు చేస్తూనే తన సొంత సొమ్ము కూడా ఆ ప్రయాణంలో పెట్టిన మనిషి, సాహసికుడూ జీతగాడూ ఒక్కడే అయిన అరుదైన కేసు. మన అద్దకం బట్టలు కొని, వాటిని తూర్పుదేశాల్లో మార్చి, మళ్ళీ మచిలీపట్నం వచ్చాడు. 1614లో ఇక్కడి గవర్నరు బాకీ పడ్డాడు, ఎన్నిసార్లు తిరిగినా ఇవ్వడు. ఓడ బయల్దేరే గాలులు దగ్గరపడుతున్నాయి. ఫ్లోరిస్ సుంకాల చావడి దగ్గర గవర్నరు కొడుకును పట్టుకుని ఓడలో పడేశాడు. ఫ్లోరిస్ దినచర్యలో ఆ కొడుకు పేరు వెంటకాద్ర అని ఉంది, వెంకటాద్రి అనుకోవాలి. బ్రాహ్మణుడు కావడంతో ఓడలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఫ్లోరిస్‌కే జాలేసి, అతని బదులు ఇంకెవరైనా పెద్దమనుషులు వచ్చి ఓడలో ఉంటే వదిలేస్తానన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. చివరికి బాకీ తీరింది, కుర్రాడు బయటపడ్డాడు. ఆ ప్రయాణం పెట్టుబడికి రెండింతలకు మించి లాభం తెచ్చింది. ఫ్లోరిస్ 1615లో లండన్ చేరాడు, చేరిన కొద్దికాలానికే కన్నుమూశాడు. లాభం లెక్కలు మిగతా సాహసికులు చూసుకున్నారు.

ఓడ మునిగితే ఎలాగన్న బెంగకు మందు లండన్ కాఫీ హోటలు ఒకదానిలో దొరికేది. 1680ల చివర్లో ఎడ్వర్డ్ లాయిడ్ టవర్ వీధిలో కాఫీ హోటలు నడిపేవాడు. సరంగులు, ఓడల యజమానులు అక్కడ చేరేవారు. ఓడ పేరు, సరుకు, పోయే రేవు రాసిన కాగితం బల్లల చుట్టూ తిరిగేది. పూచీ పడదలచినవాడు ఆ రాత కింద తన పేరు, ఎంతకు పూచీయో రాసేవాడు. కింద రాసేవాడు కాబట్టి 'అండర్‌రైటర్'. ఇప్పుడు బీమా ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్న ఉద్యోగికి కూడా అదే పేరు. తేడా ఏమిటంటే, ఆనాడు కింద రాసినవాడి ఇల్లూ వాకిలీ ఆ సంతకానికి తాకట్టే. లాయిడ్స్ సంస్థలో ఈ పద్ధతి మూడు వందల ఏళ్ళు నడిచింది. అక్కడ పూచీ పడే ధనవంతులను 'నేమ్స్' అనేవారు, చొక్కా బొత్తాందాకా వాళ్ళదే బాధ్యత. 1980ల చివర ఆస్‌బెస్టాస్ జబ్బుల పరిహారాలు, తుఫానులు, చమురు ప్రమాదాలు ఒకేసారి మీద పడి 1988-92 మధ్య నష్టం సుమారు 8 వందల కోట్ల పౌండ్లకు చేరింది. వేలమంది చితికిపోయారు. రాబోయే నష్టం లోపలివాళ్ళకు ముందే తెలిసి, మోయడానికి మమ్మల్ని చేర్చుకున్నారని వాళ్ళలో చాలామంది ఆరోపించారు.

బీమా చరిత్రలో ఇంకా చీకటి పుట ఉంది. 1781 నవంబరు చివర జాంగ్ అనే లివర్‌పూల్ వర్తకుల ఓడ ఆఫ్రికా నుంచి బానిసలతో జమైకా పోతోంది. నీళ్ళు చాలవన్న సాకుతో ఓడ సిబ్బంది 130 మందికి పైగా మనుషులను బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. బానిస రోగంతో చస్తే బీమా రాదు. ఓడను కాపాడడానికి 'సరుకు' పారేయాల్సి వస్తే వస్తుంది. తలకు 30 పౌండ్ల చొప్పున ఇమ్మని యజమానులు దావా వేశారు, మొదటి విచారణలో గెలిచారు కూడా. 1783లో ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ మళ్ళీ విచారించాలన్నాడు. హత్యానేరం మాత్రం ఎవరి మీదా మోపలేదు. రిస్కు, నష్టం, పూచీ అన్న మాటలు ఎంత శుభ్రంగా వినిపిస్తాయో అనుకున్నప్పుడల్లా నాకు ఈ కేసు గుర్తొస్తుంది.

పాచికల సంగతి త్వరగా ముగిద్దాం. ప్రమాదం అనే అర్థంలో ఇంగ్లీషువాడు వాడే 'హజార్డ్' మొదట ఒక పాచికలాట పేరు. 14వ శతాబ్దపు చాసర్ కథల్లోనే ఆ ఆట కనిపిస్తుంది. పాచిక అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది పండితుల ఊహ. 1828లో విలియం క్రాక్‌ఫర్డ్ అనే చేపలవాళ్ళ అబ్బాయి లండన్‌లో రాజభవనంలాంటి క్లబ్బు కట్టి, జమీందారు బిడ్డలందరినీ ఈ ఆటకు కూర్చోబెట్టాడు. తను ఎప్పుడూ నిర్వాహకుడే. కొన్నేళ్ళలో ఆ కుటుంబాల ఆస్తులు చాలావరకు అతని సంచిలోకి దిగాయి.

పేకాట బల్ల ఇచ్చిన మాటలు మాత్రం తీరిగ్గా చూడదగ్గవి. అమెరికాలో పోకర్ ఆడేచోట డబ్బుకు బదులు బిళ్ళలు వాడతారు. తెల్లవి చవక, ఎర్రవి మధ్యరకం, నీలివి ఖరీదు. 1920లలో డౌ జోన్స్ సంస్థలో ఆలివర్ గింగోల్డ్ అనే ఉద్యోగి, ఒక్కోటి 200 డాలర్లకు పైగా పలికే షేర్లను చూసి నీలి బిళ్ళలన్నాడని ఆ సంస్థలో చెప్పుకుంటారు. 'బ్లూ చిప్' అంటే ఇవాళ మన పెన్షనర్లు కూడా కళ్ళు మూసుకుని కొనే భద్రమైన కంపెనీ. జూదం బల్ల మీద మాట భద్రతకు గుర్తుగా మారడం వింతే.

'ఆల్ ఇన్' సంగతి ఇంకా వింత. ఉన్నదంతా ఊడ్చి పెట్టడమన్న అర్థంలో దీన్ని వ్యాపారుల నోట వింటాం. ఇల్లు తాకట్టు పెట్టి, భార్య నగలు కుదువబెట్టి హోటలు తెరిచినవాణ్ని కూడా 'ఆల్ ఇన్' అయ్యాడంటారు. పోకర్ నియమం చూస్తే అర్థం దాదాపు తలకిందులు. బల్ల మీద ఉన్న బిళ్ళల వరకే ఆట. మధ్యలో జేబులోంచి తియ్యమని ఎవరూ అడగకూడదు, తియ్యడానికీ వీల్లేదు. ఎదుటివాడు లక్షలు ఒడ్డినా, చేతిలో పది బిళ్ళలున్నవాడు ఆ పదీ ముందుకు తోసి, తన పదికి సరిపడా పందెంలో చివరిదాకా నిలబడవచ్చు. డబ్బున్నవాడు లేనివాణ్ని బెదిరించి లేపేయకుండా పెట్టిన రక్షణ అది. ఓడినా ఇంటి తాళం భద్రం. 1855లో బ్రిటిష్ పార్లమెంటు పరిమిత బాధ్యత చట్టం చేసి వాటాదార్లకు ఇచ్చిన వరం కూడా సరిగ్గా ఇదే, పెట్టినంత వరకే పోతుంది. నగలు కుదువబెట్టినవాడికి ఆ వరం లేదు.

జూదశాలను దివాలా తీయించడమనే 'బ్రేక్ ద బ్యాంక్' పలుకుబడికి మాంటెకార్లో జూదశాల వల్ల పాట కూడా కట్టేటంత పేరొచ్చింది. అక్కడ ఒక బల్లకు కేటాయించిన సొమ్ము అయిపోతే బల్ల మీద నల్లగుడ్డ కప్పి, ఖజానా నుంచి మళ్ళీ డబ్బు తెప్పించేవారు. దివాలా తీసేది ఆ బల్ల, అదీ కాసేపే. ఆ నల్లగుడ్డ ఎంత మంది జూదగాళ్ళను రప్పిస్తుందో యజమానులకు బాగా తెలుసు. 1891లో చార్లెస్ వెల్స్ అనే ఇంగ్లీషువాడు ఈ ఘనత పలుమార్లు సాధించి, లండన్ సంగీతశాలల పాటలోకెక్కాడు. అతని పెట్టుబడి ఎక్కడిదో తరవాత బయటపడింది. కొత్త యంత్రాలు కనిపెట్టాను, పేటెంట్లున్నాయి, వాటాలు కొనండి అంటూ పత్రికల్లో ప్రకటనలిచ్చి అమాయకుల దగ్గర గుంజిన సొమ్ము. ఆవిరి ఓడకు బొగ్గు ఆదా చేసే సాధనం అందులో ముఖ్యమైనది. ఒక సంపన్నురాలే దాదాపు 19 వేల పౌండ్లు పోగొట్టుకుంది. 1893లో లండన్ న్యాయస్థానం అతనికి ఎనిమిదేళ్ళ శిక్ష వేసింది. అతను కనిపెట్టినవాటిలో నిజంగా అమ్ముడుపోయినది గెంతితే సంగీతం వినిపించే తాడాట తాడు.

గుడ్ల బుట్ట సామెత పెద్దలందరికీ తెలుసు. అన్ని గుడ్లూ ఒకే బుట్టలో పెట్టొద్దన్న మాట 17వ శతాబ్దానికే ఇంగ్లీషు సామెతల సంకలనాల్లోకి చేరింది. దీన్ని తిరగేసి చెప్పినవాడు ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ. 1885లో పిట్స్‌బర్గ్‌లో విద్యార్థులతో మాట్లాడుతూ, గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టి ఆ బుట్టను కనిపెట్టుకుని ఉండమన్నాడు. బాగుంది. 1892లో హోమ్‌స్టెడ్‌లోని అతని ఉక్కు కర్మాగారంలో కూలి కోతపై గొడవ ముదిరి, కంపెనీ రప్పించిన ప్రైవేటు సాయుధులకు, కార్మికులకు కాల్పులు జరిగి పలువురు చచ్చిపోయారు. బుట్టను కనిపెట్టుకుని ఉండాల్సిన పెద్దమనిషి అప్పుడు స్కాట్లండులో విడిదిలో ఉన్నాడు. 1901లో ఆ కంపెనీని జె.పి. మోర్గన్‌కు 48 కోట్ల డాలర్లకు అమ్మినప్పుడు, తన వంతుకు కొత్త కంపెనీ షేర్లు వద్దన్నాడు. ఆస్తి తాకట్టు ఉన్న బాండ్లే పుచ్చుకున్నాడు.

పాత సామెతకు లెక్కలు కట్టి నిలబెట్టింది హ్యారీ మార్కోవిట్జ్, 1952లో. తక్కువ నష్టభయానికి ఎక్కువ రాబడి వచ్చేలా పెట్టుబడులు ఎలా పంచుకోవాలో ఆయన గణితంలో చూపించాడు, 1990లో నోబెల్ వచ్చింది. అదే దారిలో పనిచేసిన జేమ్స్ టోబిన్‌కు 1981లోనే వచ్చింది. మీ సిద్ధాంతం మామూలు మాటల్లో చెప్పమని విలేకరులు పీడిస్తే ఆయన గుడ్ల సామెత చెప్పాడు. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టొద్దన్నందుకు నోబెల్ అని మర్నాడు పత్రికలు రాశాయి.

'హెడ్జ్' అంటే పొలం చుట్టూ పెంచే ముళ్ళకంచె. పందెం ఒకవైపు కాసి, పోకుండా రెండోవైపు కూడా కొంత కాయడాన్ని 17వ శతాబ్దం నుంచే అలా అంటున్నారు. 1949లో ఆల్‌ఫ్రెడ్ విన్‌స్లో జోన్స్ ఈ కంచెను ఫండుగా మార్చాడు. పెరుగుతాయనుకున్న షేర్లు కొంటూనే, పడతాయనుకున్నవాటిని అరువు తెచ్చి అమ్మేవాడు. మొదలుపెట్టింది లక్ష డాలర్లతో, అందులో 40 వేలు తన సొంతం. లాభంలో ఐదో వంతు తనకు, లాభం లేకపోతే ఏమీ లేదు. ఈ ఐదో వంతు లెక్కకు ఆయన చెప్పిన ఆధారం పురాతన ఫినీషియా ఓడ నాయకులు. క్షేమంగా తిరిగొచ్చిన ప్రయాణం లాభంలో వాళ్ళు ఐదో వంతు ఉంచుకునేవారట. తరవాతి కాలం ఫండువాళ్ళు ఐదో వంతును భద్రంగా ఉంచుకుని, లాభం వచ్చినా రాకపోయినా ఏటా మొత్తం సొమ్ము మీద మరో రెండు శాతం కలుపుకున్నారు. మునిగిన ఓడకూ కూలి వచ్చే ఏర్పాటు ఫినీషియా వాళ్ళకు తోచలేదు.

ఇంతకీ పెట్టేవాడి చర్మం కూడా ఆటలో ఉండాలన్న 'స్కిన్ ఇన్ ద గేమ్' పలుకుబడి ఈ వంకరను సరిదిద్దడానికే పుట్టినట్టుంటుంది. వారెన్ బఫెట్ పేరు చెబుతారు గానీ, అంతకుముందు నుంచే వాడుకలో ఉంది. మాట న్యాయంగానే ఉంది. కానీ లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే హెడ్జ్ ఫండు భాగస్వాముల చర్మం నిండా ఆటలోనే ఉంది. సొంత సంపదలో అధికభాగం అందులోనే పెట్టారు. భాగస్వాముల్లో ఇద్దరు, రాబర్ట్ మెర్టన్, మైరన్ షోల్స్, 1997లో నోబెల్ అందుకున్నారు. 1998లో రష్యా అప్పులు ఎగ్గొట్టడంతో వాళ్ళ లెక్కలు తలకిందులయ్యాయి. నాలుగైదు నెలల్లో 460 కోట్ల డాలర్లు ఆవిరయ్యాయి, భాగస్వాములూ దాదాపు ఊడ్చుకుపోయారు. అయితే వాళ్ళు ఆడింది తమ సొమ్ముకు ఎన్నో రెట్లు అప్పు తెచ్చి. ఆ ఫండు పడితే తామూ పడతామని భయపడిన 14 బ్యాంకులు, న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు పెద్దరికం కింద కూర్చుని, 360 కోట్లు పోసి నిలబెట్టాయి. ఫండు పెట్టిన జాన్ మెరివెదర్ మరుసటి ఏడాదే ఇంకో ఫండు తెరిచాడు. అదీ నష్టపోయి 2009లో మూతపడింది.